గాయానికి కట్టు సరే.. అడవికి దారేదీ?

* నల్లమల అంచున వన్యప్రాణులకు తొలి గంటల్లోనే ముప్పు
* చికిత్సకు, విడుదలకు మధ్య కొరవడిన వారధి
* అటవీ డివిజన్ స్థాయిలోనే ఏర్పాట్లు అవసరం

ఆత్మకూరు (నంద్యాల జిల్లా):

ఎండలు ముదిరి చెలమలు ఇంకిపోయే వేళకు నల్లమల అంచు గ్రామాల వైపు జింకలు, దుప్పులు రావడం ఏటా కనిపించేదే. దాహంతో వచ్చిన మూగజీవాన్ని ఊరకుక్కలు తరుముతాయి. ముళ్లకంచెలో పడి అది గాయపడుతుంది. పొలాల్లోని రైతులు కుక్కలను అదిలించి, దాన్ని పట్టుకొని, కాళ్లు కట్టి ఊళ్లోకి తెచ్చి నీళ్లు తాగిస్తారు. చూసేందుకు ఊరంతా కదులుతుంది. అటవీ సిబ్బందికి కబురు వెళ్తుంది. పశువైద్యుడు వచ్చి గాయం కడిగి, కుట్లు వేసి, సూదిమందు ఇస్తారు. సాయంత్రానికి అడవి అంచున వదిలేస్తారు. జింకకు పునర్జన్మ అంటూ మర్నాడు పత్రికల్లో వార్త వస్తుంది. అది ఆ తర్వాత బతికిందా, లేదా అన్నది మాత్రం ఎవరూ చూడరు.

ఇందులో ఎవరి మనసూ చెడ్డది కాదు. కుక్కలను తరిమిన రైతుదీ, కబురందుకొని వచ్చిన బీట్ అధికారిదీ, పశువుల వైద్యం చూస్తూనే జింకకూ వైద్యం చేసిన డాక్టరుదీ మంచి ఉద్దేశమే. అయినా ఇలా రక్షించిన ప్రాణుల్లో కొన్ని కట్టు విప్పకముందే కన్నుమూస్తున్నాయి. కొన్ని జూకు చేరి తిరిగి రావడం లేదు. వన్యప్రాణి వైద్యమంటే గాయం మాన్పడం ఒక్కటే కాదు. ప్రాణిని తిరిగి దాని తావుకు చేర్చి, అక్కడ బతికేలా చూసినప్పుడే ఆ వైద్యం పూర్తయినట్లు. ప్రస్తుతం అందరి దృష్టీ మొదటి సగంపైనే ఉంది. అది కూడా అరకొరగానే సాగుతోంది.

గాయం కంటే భయమే ముందు

జింక జాతి జంతువులకు కుక్క కాటు కంటే మనిషి పట్టే ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. ప్రాణభయంతో పరుగెత్తి, పట్టుబడి, పెనుగులాడిన జింక శరీరంలో కండరాలు తీవ్రంగా దెబ్బతింటాయి. రక్తంలో ఆమ్ల గుణం పెరుగుతుంది. శరీర ఉష్ణోగ్రత ప్రమాదకర స్థాయికి చేరుతుంది. చెడిన కండరాల నుంచి వెలువడే పదార్థాలు మూత్రపిండాలను మూసేస్తాయి. మూత్రం ముదురు రంగులోకి మారడం, కాళ్లు బిగుసుకుపోవడం, వణుకు, ఎగశ్వాస దీని లక్షణాలు. పశువైద్యులు దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారు.

ఈ స్థితికి చేరిన ప్రాణి కొన్ని గంటల్లో చనిపోవచ్చు. కొన్ని రోజులు బాగానే ఉన్నట్లు కనిపించి ఆ తర్వాత హఠాత్తుగా కూలిపోనూ వచ్చు. ఒకసారి ఈ దశకు వెళ్లాక మందులతో కోలుకునేవి చాలా తక్కువ. రాకుండా చూడడమే అసలు వైద్యం. అంటే జింక ప్రాణం చాలావరకు డాక్టరు రాకముందే, ఊళ్లోనే నిర్ణయమైపోతోంది. చిన్న గాయంతో దొరికిన జింక చుట్టూ వందమంది మూగి, ఫొటోలు దిగి, పిల్లలతో నిమిరించి, డీజే చప్పుడు మధ్య గంటల తరబడి చెట్టుకు కట్టేస్తే దాన్ని చంపింది కుక్కలా, జనమా అని ఆలోచించాల్సిందే.

నోటిలో బలవంతంగా నీళ్లు పోయడం మరో పొరపాటు. ఆయాసపడే జంతువుకు ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దొరికిన జింక కళ్లకు గుడ్డ కట్టి, నీడలో, చప్పుడు లేని చోట, తల కాస్త ఎత్తులో ఉండేలా ఉంచాలి. జనాన్ని దూరంగా పంపాలి. డాక్టరు వచ్చేదాకా చేయాల్సింది ఇంతే. ఈ నాలుగు మాటలు అటవీ అంచు గ్రామాల్లోని ప్రతి రచ్చబండ వద్దా రాసి పెడితే కొన్ని ప్రాణాలైనా దక్కుతాయి.

దొరికిన కూన అనాథ కాకపోవచ్చు

పొలంలో, గడ్డి దుబ్బుల్లో ఒంటరిగా కనిపించిన జింక పిల్లను తల్లి వదిలేసిందనుకొని ఇంటికి తేవడం పరిపాటి. పుట్టిన తొలి రోజుల్లో తల్లి జింక పిల్లను గడ్డిలో దాచి మేతకు వెళ్తుంది. పాలివ్వడానికే వస్తుంది. కదలకుండా పడుకోవడమే ఆ పిల్లకు రక్ష. దాన్ని ఎత్తుకొస్తే కాపాడినట్లు కాదు, తల్లి నుంచి వేరు చేసినట్లు. ఆవుపాలు పట్టగానే విరేచనాలు మొదలవుతాయి. బతికి బట్టకట్టినా మనిషికి మచ్చికైన జింక అడవికి పనికిరాదు. కుక్కను చూసి పారిపోవాలని దానికి తెలియదు. గూటి నుంచి జారిపడిన పక్షి పిల్లల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. గాయం లేకపోతే దొరికిన చోటే కాస్త ఎత్తున ఉంచి దూరంగా వెళ్లడం ఉత్తమం.

చట్టం ఏమంటోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దాన్ని సవరించగా, ఆ సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. పులి, చిరుత, ఎలుగుబంటి, కృష్ణజింక, నెమలి వంటివి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటి విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, రూ.25 వేలకు తగ్గకుండా జరిమానా విధించవచ్చు. ముచ్చటగా ఉందని నెమలి పిల్లను పెరట్లో పెంచుకునేవారు సైతం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తిగా పరిగణించే వన్యప్రాణి ఎవరి చేతికి చిక్కినా 48 గంటల్లోగా సమీప పోలీసుస్టేషన్‌కు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలి. చట్టం 48 గంటల గడువిచ్చినా జింక శరీరం అంత గడువు ఇవ్వదు. సమాచారం నిమిషాల్లో చేరాలి. కానీ ఫోన్ చేస్తే ఉచ్చు నువ్వే వేశావా అన్న ప్రశ్న ఎదురవుతుందేమోనన్న భయం పల్లెల్లో ఉంది. దానివల్ల కబురు ఆలస్యమవుతోంది. గాయపడిన ప్రాణి గురించి మొదట చెప్పినవారిని సాక్షిగా, సాయం చేసినవారిగా చూడాలే తప్ప అనుమానితుడిగా కాదని అటవీశాఖ బహిరంగంగా ప్రకటించి, ఆచరించి చూపాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

ఇదే చట్టంలోని 11వ సెక్షన్‌లో అంతగా చర్చకు రాని నిబంధన ఒకటుంది. మనిషికి ప్రమాదకరంగా మారిందనో, కోలుకోలేని స్థితిలో ఉందనో మొదటి షెడ్యూలు జంతువును పట్టుకున్నప్పుడు, దాన్ని అడవిలో తిరిగి బతికించడం సాధ్యం కాదని ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సంతృప్తి చెంది, కారణాలు రాసి పెడితే తప్ప బంధించి ఉంచరాదు. పట్టేటప్పుడు, తరలించేటప్పుడు దానికి వీలైనంత తక్కువ యాతన కలగాలని కూడా ఆ సెక్షన్ చెబుతోంది. చట్టం దృష్టిలో అడవికి పంపడమే నియమం, బోను మినహాయింపు. ఆచరణలో ఇది తలకిందులవుతోంది.

డాక్టరున్నా దారి దూరం

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఆవలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. రెండూ కలిపి 6 వేల చదరపు కి.మీ. పైబడిన అడవి. ఇంతటి అడవిలో పెద్ద జంతువు గాయపడితే సుదీర్ఘ చికిత్స కోసం చూడాల్సింది తిరుపతి, హైదరాబాద్ జూల వైపే. ఆత్మకూరు ప్రాంతం నుంచి తిరుపతికి 300 కి.మీ. దాకా ప్రయాణం. భయంతో వణుకుతున్న ప్రాణిని ఎండవేళ ఇంత దూరం తరలించడమే ఓ పరీక్ష.

పల్లెల్లోని పశువైద్యులకు ఆవు, గేదె, గొర్రెల వైద్యంలో అనుభవం అపారం. వన్యప్రాణికి మత్తు ఇవ్వడం వేరే విద్య. బరువును కంటితో అంచనా వేసి మోతాదు నిర్ణయించాలి. తక్కువైతే జంతువు మరింత బెదురుతుంది. ఎక్కువైతే శ్వాస ఆగుతుంది. సూది తగిలాక మత్తు ఎక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆలోగా అది బావిలోనో, జనంలోకో దూకవచ్చు. నెమరు వేసే జంతువైతే మత్తులో కడుపు ఉబ్బకుండా, మేత గొంతులోకి రాకుండా తల ఎత్తి పట్టాలి. దీనికి శిక్షణ, పరికరాలు, తగిన మందులు, వీటన్నిటికీ మించి అలవాటు కావాలి.

ఉచ్చు గాయాలది మరో తీరు. బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు నడుముకో, కాలికో బిగిస్తే చర్మంపై చిన్న గీతే కనిపిస్తుంది. లోపల రక్త ప్రసరణ ఆగి కండ కుళ్లడం రోజుల తర్వాత బయటపడుతుంది. పొట్టకు బిగిస్తే లోపలి అవయవాలు చితుకుతాయి. అందుకే ఉచ్చు విప్పిన వెంటనే చిరుతను వదిలేయడం క్షేమం కాదు. కొన్ని రోజులు గమనించాలి. 2020 మేలో నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఉచ్చులో చిక్కిన చిరుతను అటవీ సిబ్బంది శ్రమించి పట్టుకున్నప్పటికీ దాని ప్రాణం దక్కలేదు. దగ్గర్లోనే పరిశీలనలో ఉంచే వసతి ఎంత అవసరమో ఇటువంటి ఉదంతాలు చెబుతున్నాయి.

పెద్ద గుమ్మడాపురం నేర్పిన పాఠం

2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురం వద్ద నాలుగు పులి కూనలు దొరికిన ఉదంతం పాఠకులకు విదితమే. గ్రామస్థులు వాటిని కుక్కల బారిన పడకుండా కాపాడి అటవీశాఖకు సమాచారమిచ్చారు. తల్లి పులితో కలిపేందుకు సిబ్బంది రాత్రింబవళ్లు గాలించారు. ఎంత ప్రయత్నించినా కలయిక సాధ్యం కాలేదు. చివరకు కూనలను తిరుపతి శ్రీవేంకటేశ్వర జూకు తరలించారు.

అనాథ కూనల విషయంలో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఒక పద్ధతిని నిర్దేశించింది. ముందు తల్లితో కలిపే యత్నం చేయాలి. అది కుదరకపోతే అడవిలోనే మనుషులు కనిపించని విశాలమైన కంచెలో పెంచాలి. కనీసం రెండేళ్ల వయసు రావాలి. సహజమైన వేటలో 50 సార్లయినా విజయం సాధించాలి. మనిషిని చూస్తే తప్పుకొనే గుణం ఉండాలి. అప్పుడే రేడియో కాలర్ తగిలించి, ఆహారం పుష్కలంగా ఉన్న చోట వదలాలి. ఇవన్నీ జరగాలంటే కంచె, జింకల మంద, శిక్షణ ఉన్న సిబ్బంది అడవిలోనే సిద్ధంగా ఉండాలి. కూనలు దొరికాక వెతుక్కుంటే ఆలస్యమే. జూలో పెరిగిన ప్రతి నెలా అడవిని ఒక మెట్టు దూరం చేస్తుంది.

వదలడమూ ఒక విద్యే

ఈ పని అసాధ్యమేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009 నాటికి పులులు పూర్తిగా అంతరించాయి. తల్లిని కోల్పోయి కాన్హాలో కంచె మధ్య పెరిగి, వేట నేర్చిన రెండు ఆడపులులను 2011లో పన్నాలో వదిలారు. అవి అక్కడ నిలదొక్కుకొని పిల్లలను కన్నాయి. మనుషుల చేతుల్లో పెరిగిన పులులూ అడవి బిడ్డలు కాగలవని అవి నిరూపించాయి.

దీనికి రెండో పార్శ్వమూ ఉంది. ఆదిలాబాద్‌కు పొరుగునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2018 నవంబరులో అవని అనే పులిని కాల్చి చంపారు. దాని ఆడకూనను ఆ ఏడాది డిసెంబరులో పట్టి పెంచ్ అభయారణ్యంలో పెంచారు. రెండేళ్ల పైచిలుకు శిక్షణ తర్వాత 2021 మార్చిలో కాలర్ తగిలించి వదిలారు. పక్షం రోజులైనా గడవకముందే మరో పులితో పోరులో గాయపడి అది చనిపోయింది. వేట నేర్పడం సాధ్యమైంది గానీ, అప్పటికే మరో పులి ఏలుతున్న తావులో చోటు సంపాదించడం దానికి సాధ్యం కాలేదు. ఎక్కడ వదులుతున్నామన్నది ఎంత కీలకమో ఈ రెండు ఉదంతాలు చెబుతున్నాయి.

చిరుతల విషయంలో పుణె జిల్లా జున్నర్ అనుభవం ఇంకా పాతది. 2001-03 మధ్య అక్కడ పట్టిన చిరుతలను దూరపు అడవుల్లో వదిలారు. వదిలిన ప్రాంతాల చుట్టుపక్కల మనుషులపై దాడులు పెరిగినట్లు పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం తేల్చింది. తెలియని చోటికి చేరిన చిరుత సొంత తావుకు తిరిగి వచ్చే యత్నంలో ఊళ్ల మీదుగా తిరుగుతుంది. మన ఊరి బెడద తీరిందనుకుంటే పక్క ఊరికి చుట్టుకుంటుంది. బావిలో పడిన చిరుతకు నిచ్చెనో, నులక మంచమో దించి, జనాన్ని తప్పించి, రాత్రివేళ దానంతట అదే వెళ్లేలా చేయడం చాలా సందర్భాల్లో మేలైన మార్గం.

నంద్యాల జిల్లాకే ప్రత్యేకమైన సమస్య మరొకటి ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటు చేసిన రోళ్లపాడు అభయారణ్యం పరిసరాల్లో కృష్ణజింకలు పొలాల్లో తిరుగుతుంటాయి. కృష్ణజింక దట్టమైన అడవి జంతువు కాదు. చదునైన గడ్డి మైదానంలో దూరం నుంచే శత్రువును చూసి, వేగంగా పరుగెత్తి బతికే ప్రాణి. గాయం మానిన కృష్ణజింకను వన్యప్రాణి కదా అని నల్లమల చెట్ల మధ్య వదిలితే అది చిరుతకు ఎరవేసినట్లే. దొరికిన చోటుకు దగ్గర్లో, దాని మంద ఉన్న మైదానంలోనే వదలాలి. పాములదీ ఇదే సూత్రం. పట్టిన చోటుకు చాలా దూరంలో వదిలిన పాము బొరియ, ఆహారం వెతుక్కోలేక నశిస్తుంది.

అసోం చూపిన దారి

కజిరంగా వద్ద 2002లో అసోం అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా తదితర సంస్థలు కలిసి వన్యప్రాణుల చికిత్స, పునరావాస కేంద్రాన్ని నెలకొల్పాయి. బ్రహ్మపుత్ర వరదల్లో తల్లుల నుంచి తప్పిపోయిన ఖడ్గమృగం, ఏనుగు పిల్లలు అక్కడికి చేరతాయి. ఖడ్గమృగం పిల్లలను పెంచి, మానస్ జాతీయ ఉద్యానంలో ముందు కంచెలో కొంతకాలం అలవాటు చేసి, ఆ తర్వాత వదులుతారు. 2006లో మొదలైన ఈ పంపిణీలో మానస్‌కు చేరిన ఆడ ఖడ్గమృగాల్లో కొన్ని అక్కడే పిల్లలను కన్నాయి. సంచార పశువైద్య వాహనాలు ప్రాణి ఉన్న చోటికే వెళ్లి, అక్కడికక్కడే చికిత్స చేసి, వీలైతే వెంటనే వదిలేయడం ఈ కేంద్రం పనితీరులో మరో విశేషం. జింకను ఆస్పత్రికి తేవడం కంటే ఆస్పత్రి జింక దగ్గరకు వెళ్లడం మేలన్న సూత్రాన్ని నల్లమలకూ అన్వయించుకోవచ్చు.

అన్నీ తిరిగి వెళ్లలేవు

రెక్క విరిగి అతకని గద్ద, చూపు పోయిన చిరుత, కాలు తీసేసిన దుప్పి అడవిలో బతకలేవు. కలందర్లు కోరలు పీకి ఆడించిన ఎలుగుబంట్లు జీవితాంతం బెంగళూరు సమీపంలోని బన్నేరుఘట్ట వంటి ఆశ్రయాల్లోనే గడపాల్సి వచ్చింది. అలాంటివాటికి జూ, సంరక్షణ కేంద్రాలే దిక్కు. అందువల్లే ఆ చోటును తిరిగి వెళ్లగలిగిన ప్రాణులతో నింపడం తగదు. ఏది వెళ్లగలదు, ఏది వెళ్లలేదు అన్న నిర్ణయం తొలి వారంలోనే, కారణాలు రాసి మరీ తీసుకోవాలి. కోలుకునే ఆశ ఏమాత్రం లేని ప్రాణిని యాతన పెడుతూ నెలల తరబడి ఉంచడం దయ అనిపించుకోదు.

చేయాల్సిందేమిటి?

మొదటిది, ఆత్మకూరు, మార్కాపురం, అచ్చంపేట వంటి నల్లమల కేంద్రాల్లో సందర్శకులకు ప్రవేశం లేని చికిత్సా కేంద్రాలు ఉండాలి. చీకటి గదులు, కదలకుండా పట్టే బోను, కొన్ని రోజులు పరిశీలనలో ఉంచే కంచెలు చాలు. భారీ భవనాలు అక్కర్లేదు.

రెండోది, పశుసంవర్ధక శాఖ నుంచి ఆసక్తి గల వైద్యులను ఎంపిక చేసి, జూ వైద్యుల వద్ద శిక్షణ ఇప్పించి, తరచూ బదిలీ చేయకుండా అటవీశాఖకు కేటాయించాలి. వారికి చల్లని గాలి ఆడే వాహనం, మత్తు తుపాకీ అందుబాటులో ఉంచాలి.

మూడోది, పులుల జాడ తీయడంలో ఇప్పటికే అటవీశాఖకు అండగా ఉన్న చెంచు యువకులకు ప్రథమ చికిత్సలోనూ శిక్షణ ఇవ్వాలి. డాక్టరు కంటే ముందు అక్కడికి చేరగలిగింది వారే. జంతువు అడుగును బట్టి అది ఏ నీటి తావుదో చెప్పగలిగిందీ వారే.

నాలుగోది, వదిలిన ప్రాణిని కొంతకాలం గమనించాలి. పెద్ద జంతువుకు రేడియో కాలర్, మిగతావాటికి కెమెరా ట్రాప్‌లు ఉపయోగపడతాయి. దొరికినవెన్ని, బతికినవెన్ని, వదిలినవెన్ని, నెల తర్వాత కనిపించినవెన్ని అన్న లెక్క ఏటా ప్రజల ముందుంచితే లోపమెక్కడుందో తేలుతుంది.

అన్నిటికీ మించి గాయాలే కాకుండా చూడాలి. శ్రీశైలం, దోర్నాల దారుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను నిలిపివేయడం అందుకు మంచి ఉదాహరణ. ఒడ్డు లేని వ్యవసాయ బావులకు గోడలు కట్టడం, పంటల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు లాగడాన్ని అరికట్టడం, వేసవిలో అడవి లోపలి సాసర్ పిట్లలో నీరు నింపడం, ఊరకుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయించడం వంటివన్నీ పంచాయతీలు, విద్యుత్ శాఖ, అటవీశాఖ కలిసి చేయదగినవే. అడవిపందుల బెడదతో నష్టపోతున్న రైతుకు పరిహారం సకాలంలో అందితే తీగ లాగే అవసరమూ తగ్గుతుంది. రైతు గోడు వినకుండా జింకను కాపాడాలనడం వృథా ప్రయాసే.

గాయపడిన జింకను చూసి జాలిపడే మనసు నల్లమల పల్లెలకు కొరతగా లేదు. పెద్ద గుమ్మడాపురం వాసులు పులి కూనలకు సైతం ఆ జాలిని పంచారు. కబురందిన గంటలో చేరే వైద్యుడిని, దగ్గర్లోనే నిశ్శబ్దమైన ఓ గదిని, తిరిగి అడవికి చేర్చే ఏర్పాటును ఆ జాలికి జత చేయాల్సిన బాధ్యత ప్రభుత్వాలది. వచ్చే వేసవిలో చెలమలు ఎండేలోగా రెండు రాష్ట్రాల అటవీశాఖలు ఈ దిశగా అడుగు వేయాలని అటవీ అంచు గ్రామాల ప్రజలు కోరుతున్నారు.